ఎర్ర సిరా ఎవరి చేతిలో ఉంది?

చదువు – కులం: 14వ భాగం



జూన్ నెల వచ్చిందంటే బడులు తెరుస్తారు. బడులు తెరిచిన వారానికే ఫోన్లలో పాఠ్యపుస్తకాల ఫోటోలు తిరగడం మొదలవుతుంది. ఇంగ్లీషు రీడర్‌లో ఒక పేజీ, ఆ పేజీలో ఒక వాక్యం, దాని చుట్టూ ఎర్ర గీత. పక్కన నాలుగు నవ్వు బొమ్మలు. "ఇదండీ సర్కారు ఇంగ్లీషు మీడియం" అని ఒక ముక్క.

ఆ తర్వాత వాదన మొదలవుతుంది. "ఇంగ్లీషు రానివాళ్లు రాశారు, రానివాళ్లే సరిచూశారు. ఒక్క ఇంగ్లీషు దొరకి చూపించి ఉంటే ఈ గోల ఉండేదా" అంటాడు ఒకాయన. "ఇంగ్లీషు వాడి అబ్బ సొత్తా? మనం మాట్లాడిందే ఇంగ్లీషు" అంటాడు ఇంకొకాయన. రెండు మాటలూ వినడానికి బాగానే ఉంటాయి. కానీ ఆ పుస్తకం తప్ప ఇంట్లో ఇంకో ఇంగ్లీషు కాగితం లేని మన వాడ పిల్ల ఈ రెండు మాటల్లోనూ కనపడదు.

అందుకే ఈ భాగంలో ఆ ఎర్ర గీత చరిత్ర చూద్దాం. ఇంగ్లీషు పుస్తకాల్లో తప్పులు ఎవరు చేశారు, ఎవరు పట్టుకున్నారు, పట్టుకునే అధికారం ఎవరికి ఎట్లా వచ్చింది? కొంచెం పొడుగు అవుతుంది. ఓపిక పట్టండి.

ముందు ప్రపంచంలోకెల్లా పేరుమోసిన తప్పుల పుస్తకంతో మొదలుపెడదాం. 1855లో పారిస్‌లో పోర్చుగీసు పిల్లలకు ఇంగ్లీషు సంభాషణ నేర్పడానికని ఒక పుస్తకం అచ్చయింది. రాసినవాడు పెద్రో కరోలినో. ఆయనకు ఇంగ్లీషు రాదు. జోసె ద ఫోన్సెకా అనే ఆయన రాసిన పోర్చుగీసు–ఫ్రెంచి సంభాషణల పుస్తకాన్ని ముందు పెట్టుకుని, ఫ్రెంచి–ఇంగ్లీషు నిఘంటువు చేత పట్టుకుని, మాటకు మాట ఎక్కించుకుంటూ పోయాడని పరిశోధకులు తేల్చారు. మన "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" అనే సామెతను నిఘంటువు చూసి ఒక్కో మాటా ఇంగ్లీషులో పెడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పుస్తకమంతా అదే తంతు.

దాన్ని 1883లో లండన్‌లో "ఇంగ్లీష్ యాజ్ షి ఈజ్ స్పోక్" అని పేరు మార్చి, నవ్వుకోవడానికి మళ్లీ అచ్చేశారు. అదే ఏడాది అమెరికాలో బోస్టన్ ముద్రణకు మార్క్ ట్వేన్ ముందుమాట రాశాడు. పుస్తకం పిల్లలకు చేసిన మేలు ఏమీ లేదు గానీ, ఇంగ్లీషు వాళ్లకు మాత్రం తరాల తరబడి నవ్వు పంచింది.

కరోలినోను నేను వెనకేసుకు రాను. భాష రాకుండా భాష నేర్పే పుస్తకం రాయడం పిల్లల్ని మోసం చేయడమే. అయితే ఆ నవ్వు పోర్చుగల్ దగ్గర ఆగలేదు. అది ఓడెక్కి మన దేశానికి వచ్చింది.

1873లో కలకత్తాలో ఒక జీవితచరిత్ర వెలువడింది. హైకోర్టు జడ్జిగా పనిచేసి చనిపోయిన అనుకూల్ చంద్ర ముఖర్జీ గురించి ఆయన దగ్గరి బంధువు ఇంగ్లీషులో రాసుకున్న పుస్తకం. చచ్చిపోయిన పెద్దమనిషి మీద గౌరవంతో, దుఃఖంతో రాసిన పుస్తకం అది. దాన్ని ఇంగ్లీషు వాళ్లు హాస్య గ్రంథంలా చదువుకున్నారు. 1891లో ఆర్నాల్డ్ రైట్ అనే ఆయన, భారతీయులు రాసిన ఇంగ్లీషు ఉత్తరాలు, అర్జీలు ఏరి "బాబూ ఇంగ్లీష్ యాజ్ టిజ్ రిట్" అని ఒక పుస్తకమే వేశాడు. పేరు చూస్తేనే తెలుస్తుంది, కరోలినో మీద నవ్విన నవ్వే ఇది. కానీ కరోలినో పుస్తకం అమ్ముకున్నాడు. ఇక్కడ అర్జీ పెట్టుకున్నవాడు ఉద్యోగం అడిగాడు. పొట్టకూటి కోసం రాసిన కాగితం వాళ్లకు వినోదమైంది.

ఆ బాబులు అట్లా ఎందుకు రాశారు? తెలివి లేక కాదు. వాళ్లకు ఇంగ్లీషు మనుషుల నోటి నుంచి రాలేదు, పుస్తకాల నుంచి వచ్చింది. అదీ మిల్టన్ కాలం, అడిసన్ కాలం నాటి పుస్తకాల నుంచి. కావ్యంలో మాటా, కోర్టు కాగితంలో మాటా, బజార్లో మాటా వేరువేరని చెప్పేవాడు లేడు. అన్నీ కంఠస్థం చేసి ఒకే వాక్యంలో కుమ్మరించారు. తప్పు విద్యార్థి కలంలో కనపడింది. దాని వేరు బడిలో, పాఠ్యక్రమంలో ఉంది. ఎగతాళి మాత్రం విద్యార్థికే దక్కింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ బాబుల్లో మనవాళ్లు ఎంతమంది?

1835 ఫిబ్రవరి 2న మెకాలే తన పత్రం రాశాడు. పైన కొద్దిమందికి ఇంగ్లీషు చెబితే అది కిందికి దిగుతుందన్నారు. 1856 జూన్‌లో ధార్వాడలో ఒక మహర్ కులం పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టాడు. బొంబాయి ప్రభుత్వం చేర్చుకోలేమంది. ఒక్క పిల్లవాడిని చేర్చుకుంటే మిగతా కులాల పిల్లలంతా వెళ్లిపోతారని భయం. అప్పటికి మెకాలే పత్రానికి 21 ఏళ్లు. కిందికి దిగుతుందన్న నీళ్లు పై మెట్టు మీదే ఇంకిపోయాయి.

అంటే బాబు ఇంగ్లీషు మీద నవ్వులు మొదలైన కాలంలో మనం ఆ నవ్వులకు కూడా నోచుకోలేదు. తప్పు రాయాలన్నా ముందు చేతికి పలక రావాలి కదా. సంస్కృతం సంగతి చూడండి. సంస్కృత వ్యాకరణంలో దళితులు చేసిన తప్పులని ఎవరూ పుస్తకం వేయలేదు. మనకు అందులో తప్పు చేసే దారే వదల్లేదు. అంబేడ్కర్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే అంటరానివాడికి చెప్పనన్నారు. ఆయన పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. 1907లో ఆయన మెట్రిక్ పాసయ్యాడు. ఆ ఏడాది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఇంగ్లీషు వాళ్లే మన కోసం రాసిన పుస్తకాల సంగతి.

జాన్ కాలిన్సన్ నెస్‌ఫీల్డ్ అని ఒక దొర. అప్పటి వాయవ్య రాష్ట్రాలు, అవధ్ ప్రాంతంలో, అంటే ఇవాళ్టి ఉత్తరప్రదేశ్‌లో, విద్యాశాఖ అధికారిగా పనిచేశాడు. ఆయన రాసిన ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల వరస ఈ దేశంలో దశాబ్దాల పాటు ఏలింది. 1898లో వచ్చిన ఆయన మాన్యువల్ ఇంగ్లండులో కూడా నడిచింది. వెనకటి తరం టీచర్లకు "నెస్‌ఫీల్డ్" అంటే గ్రామర్, గ్రామర్ అంటే నెస్‌ఫీల్డ్. ఒక తప్పు వాక్యం ఇచ్చి దిద్దమనే అభ్యాసం మన బడుల్లో పాతుకుపోయింది ఇలాంటి పుస్తకాలతోనే. ఇంగ్లీషు అంటే మాట్లాడుకునే భాష అని కాక, పట్టుబడకుండా తప్పించుకోవాల్సిన తప్పుల జాబితా అని మన బుర్రల్లో కూర్చుంది.

1907లో జార్జ్ క్లిఫర్డ్ విట్‌వర్త్ అనే ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. బొంబాయి సివిల్ సర్వీసులో పనిచేసిన మనిషి. "ఇండియన్ ఇంగ్లీష్" అని పుస్తకం వేశాడు. అందులో ఉన్నదంతా భారతీయులు ఇంగ్లీషు రాసేటప్పుడు నుడికారంలో చేసే తప్పుల పరిశీలన. నిజం చెప్పాలంటే శ్రద్ధగా చేసిన పనే. ఎగతాళి పుస్తకం కాదు. కానీ "ఇండియన్ ఇంగ్లీషు" అనే మాట పుస్తకం అట్ట మీదకి ఎక్కినప్పుడు దాని అర్థం "తప్పులు" అని ఉండటం గమనించండి. అంబేడ్కర్ మెట్రిక్ పాసైన ఏడాదే అది.

నెస్‌ఫీల్డ్ దొర రాసింది వ్యాకరణం ఒక్కటే కాదు. దానికంటే ముందు, 1885లో, వాయవ్య రాష్ట్రాల కులవ్యవస్థ మీద ఒక పుస్తకం రాశాడు. కులానికి పునాది వృత్తే అని ఆయన సిద్ధాంతం. అంటే ఒకే మనిషి ఒక చేత్తో మనకు వాక్యం ఎట్లా ఉండాలో చెప్పాడు, ఇంకో చేత్తో మన కులం ఏమిటో చెప్పాడు. భాషకూ కులానికీ రెండిటికీ ఆయనే పరీక్షాధికారి.

1916 మే 9న న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో ఒక 25 ఏళ్ల విద్యార్థి లేచి నిలబడి ఒక వ్యాసం చదివాడు. పేరు భీమ్‌రావ్ అంబేడ్కర్. వ్యాసం పేరు "కాస్ట్స్ ఇన్ ఇండియా". కులానికి అప్పటిదాకా పండితులిచ్చిన నిర్వచనాలు నాలుగు తీసుకున్నాడు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్. ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి దిద్దుకుంటూ పోయాడు. నెస్‌ఫీల్డ్ నిర్వచనం దగ్గర ఆగి ఏం చెప్పాడో తెలుసా? వేరే కులంతో కలిసి తినకపోవడం కుల లక్షణమని నెస్‌ఫీల్డ్ రాశాడు. కలిసి తినకపోవడం కులం ఏర్పడ్డాక వచ్చిన ఫలితం, దాన్నే ఈయన కారణం అనుకున్నాడు అని అంబేడ్కర్ తేల్చేశాడు. ఫలితాన్ని కారణమనుకోవడం తర్కంలో మొదటి పాఠం దగ్గర తప్పే తప్పు.

ఆ వ్యాసం 1917 మేలో "ఇండియన్ యాంటిక్వరీ" పత్రికలో అచ్చయింది. ఇంగ్లీషులో. దేశానికి ఇంగ్లీషు తప్పులు దిద్దడం నేర్పిన మనిషి తప్పును, సంస్కృతం చెప్పనని తిప్పి పంపించిన పిల్లవాడు ఇంగ్లీషులో దిద్దాడు.

ఈ ఘటన నుంచి నేను రెండు సంగతులు తీసుకుంటాను.

ఒకటి. వాక్యంలో ఒక్క తప్పు లేకుండా మన గురించి తప్పు రాయొచ్చు. నెస్‌ఫీల్డ్ ఇంగ్లీషులో ఏ పరీక్షాధికారీ ఎర్ర గీత గీయలేడు. ఆయన వాక్యం ఒప్పు, మాట తప్పు. పుస్తకాన్ని భాష కోసం సరిచూడటం వేరు, నిజం కోసం సరిచూడటం వేరు. రెండోదానికి ఆ జీవితం తెలిసినవాడు కావాలి. అదే వ్యాసంలో అంబేడ్కర్ కేత్కర్ గురించి రాస్తూ, ఆయన ఈ దేశస్థుడు కాబట్టి విషయానికి దగ్గరగా వచ్చాడని మెచ్చుకుంటాడు. మళ్లీ ఆ వెంటనే కేత్కర్ చెప్పిన రెండు లక్షణాలూ ఒకే లక్షణానికి రెండు వైపులని దిద్దుతాడు. పుట్టుకకు విలువ ఇచ్చాడు గానీ, పుట్టుక ఉందని తప్పు వదిలేయలేదు.

రెండోది. అంబేడ్కర్ "నా ఇంగ్లీషు నా ఇష్టం" అనలేదు. ఎదుటివాడు వంక పెట్టలేనంత కచ్చితంగా రాశాడు. వంక పెట్టే అవకాశం ఇస్తే మాట వినకుండా వంక పట్టుకుని పోతారని ఆ కాలం మనిషికి చెప్పాలా? బాబుల అర్జీలకు ఏం జరిగిందో చూశాం కదా.

సరే, మరి ఈ "నేటివ్ స్పీకర్" ఎవరు? ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడు. పుట్టుకతో వచ్చే అధికారం అనగానే మనకు చెవులు నిక్కబొడుచుకోవాలి. ఆ మాట మనకు కొత్తది కాదు.

1762లో రాబర్ట్ లౌత్ అనే పాస్టర్ ఇంగ్లీషుకు వ్యాకరణం రాశాడు. తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. ఆ పుస్తకం అడుగున అధోజ్ఞాపికల్లో తప్పు వాక్యాలకు ఉదాహరణలు ఇచ్చాడు. ఎవరివి అనుకున్నారు? మిల్టన్‌వి, స్విఫ్ట్‌వి, పోప్‌వి, చివరికి ఇంగ్లీషు బైబిల్‌వి. మిల్టన్‌కంటే నేటివ్ స్పీకర్ ఎవరుంటారు? ఆయనా పరీక్ష తప్పాడు. మన దగ్గర గిడుగు రామమూర్తి ఇదే పని తిప్పి చేశాడు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లో, వాళ్ల వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించాడు. ఎర్ర సిరా పట్టుకున్నవాడి నోటుబుక్కు ఎవరూ తెరిచి చూడరు. చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లండులో బొగ్గుగని కార్మికుడూ నేటివ్ స్పీకరే. లండన్‌లో బట్టలుతికే ఆమె కూడా. వాళ్ల ఇంగ్లీషును పాఠ్యపుస్తకంలో పెట్టమని ఎవరూ అడగలేదు. వాళ్ల పిల్లల్ని కూడా బడిలో మాట మాటకీ దిద్దారు. కాబట్టి "నేటివ్ స్పీకర్" అన్నప్పుడల్లా మనసులో మెదిలేది చదువుకున్న, డబ్బున్న, తెల్ల మనిషి.

1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్వెల్తు దేశాల ఇంగ్లీషు బోధన మీద ఒక పెద్ద సమావేశం జరిగింది. ఇంగ్లీషు చెప్పడానికి తగిన టీచరు నేటివ్ స్పీకరే అనే నమ్మకం, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలనే నమ్మకం అక్కడ గట్టిపడ్డాయని 1992లో రాబర్ట్ ఫిలిప్‌సన్ "లింగ్విస్టిక్ ఇంపీరియలిజం" పుస్తకంలో చూపించాడు. అవి నమ్మకాలు కావు, భ్రమలు అన్నాడు. ఆయన కూడా ఇంగ్లీషు వాడే. 1985లో కేరళ నుంచి వెళ్లి కెనడాలో నిఘంటువులు చేసిన థామస్ పైకడే "నేటివ్ స్పీకర్ చచ్చిపోయాడు" అనే అర్థంలో పుస్తకానికి పేరే పెట్టాడు. కశ్మీరు నుంచి అమెరికా వెళ్లిన బ్రజ్ కచ్రు, ఇంగ్లీషు ఒకటి కాదు అనేకం, భారతీయ ఇంగ్లీషు వాటిలో ఒకటి అని జీవితమంతా వాదించాడు.

ఈ వాదన నాకిష్టం. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని మనమే చెప్పాలి. భారతీయ ఇంగ్లీషు అని ఎవరి ఇంగ్లీషును ఒప్పుకున్నారు? రాజారావు 1938లో "కాంతాపుర" ముందుమాటలో మనం ఇంగ్లీషు వాళ్లలా రాయలేం, రాయకూడదు అంటే అది సాహిత్య ప్రకటన అయింది. దేశాని 1948లో "హాటర్" నవలలో ఇంగ్లీషును విరిచి ఆడుకుంటే అది ప్రయోగం అయింది. అవి మంచి రచనలే. కానీ మన హాస్టల్ పిల్లవాడు అదే విరుపు పరీక్ష పేపర్లో రాస్తే సున్నా. పైవాడు విరిస్తే శైలి, కిందివాడు విరిస్తే తప్పు. కాబట్టి "అన్ని ఇంగ్లీషులూ సమానమే" అని మన పిల్లలకు చెప్పి, పరీక్షలో ఇంటర్వ్యూలో పాత ఇంగ్లీషే అడిగితే, ఆ సమానత్వం మన పిల్లల గొంతు కోసినట్టే.

ఇప్పుడు మళ్లీ పాఠ్యపుస్తకం దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు పుట్టుకతో రానివాళ్లు సరిచూసిన పుస్తకంలో తప్పులు ఎందుకు మిగులుతాయి?

ఒక ఉదాహరణ చెప్తాను. నేను హాస్టల్లో ఉండి 9వ తరగతి చదివేటప్పుడు క్వార్టర్లీ పరీక్షలో ఒక ఖాళీ ఇచ్చారు. "వియ్ డిస్కస్‌డ్ డ్యాష్ ద మ్యాటర్." గైడులో జవాబు "అబౌట్". అక్కడ నిజానికి ఏమీ రాకూడదు. "డిస్కషన్ అబౌట్" ఒప్పు, "డిస్కస్ అబౌట్" తప్పు. గ్రంథాలయంలో చిరిగిపోయిన గ్రామర్ పుస్తకంలో చదివి ఉన్నాను కాబట్టి ఖాళీలో అడ్డగీత పెట్టాను. సున్నా వేశారు. ఇంకో పిల్లవాడు కూడా అట్లాగే పెట్టాడు. వాళ్ల నాన్న ఆఫీసరు. మర్నాడు గ్రామర్ పుస్తకం చంకలో పెట్టుకుని బడికి వచ్చాడు. ఆ పిల్లవాడికి మార్కు కలిపారు. నేను పోయి అడిగితే "గైడులో ఎట్లుంటే అట్లా రాయరా, ఎక్కువ తెలివి వద్దు" అన్నారు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. మొదటిది, తప్పు ఎట్లా వచ్చింది. మనం తెలుగులో "ఆ సంగతి గురించి చర్చించాం" అంటాం. "గురించి" వెనకాలే "అబౌట్" వచ్చేస్తుంది. రాసినవాడి మాతృభాషా తెలుగే, సరిచూసినవాడిదీ తెలుగే, గైడు వేసినవాడిదీ తెలుగే. ముగ్గురి చెవికీ అది ఇంపుగానే వినపడింది. ఒకే చెవితో ముగ్గురు విన్నట్టు. అందుకే పట్టుబడలేదు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" లాంటివి, "ఎ", "ద" ఎక్కడ పెట్టాలో తెలియక వచ్చేవి, అన్నీ ఈ జాతివే. తెలుగులో ఆ చిన్న మాటలు లేవు కదా. అవి లేకపోయినా మన కంటికి లోటు కనపడదు. ఇది తెలివితక్కువతనం కాదు, చెవి అలవాటు. ఇంకో చెవి వింటే పట్టుకుంటుంది. ఆ చెవి ఇంగ్లండుదే అయ్యుండాల్సిన పని లేదు. తమిళ టీచరో, బెంగాలీ టీచరో, శ్రద్ధగా చదివే ఎవరైనా పట్టుకోవచ్చు.

రెండోది, తప్పు ఎవరి మీద పడింది. పుస్తకంలో తప్పు అందరికీ ఒకటే. దాని ఖరీదు అందరికీ ఒకటి కాదు. ఇంట్లో రెండో పుస్తకం ఉన్నవాడికి అది ఒక అచ్చుతప్పు. ఇంట్లో అదే ఏకైక పుస్తకమైనవాడికి అదే ఇంగ్లీషు. వాడు దాన్ని నమ్మి నేర్చుకుంటాడు, పదేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో అదే మాట అంటాడు, ఎదుటివాడు పెదవి విరుస్తాడు. ఆ పెదవి విరుపుకి "మెరిట్" అని పేరు పెడతారు.

ఇక నేటివ్ స్పీకర్ చెవికి చిక్కని తప్పులు కూడా ఉన్నాయి. "ఇవాళ పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌కి ఏం తిన్నావో నీ పక్కవాడికి ఇంగ్లీషులో చెప్పు" అని అభ్యాసం ఇస్తారు. వాక్యం నిక్షేపంలా ఉంటుంది. లండన్ నుంచి వచ్చినవాడు ఒప్పు అని సంతకం పెడతాడు. హైదరాబాద్ కాలనీలో ఉండే పండితుడూ పెడతాడు. పొద్దున ఏమీ తినకుండా, మధ్యాహ్నం అన్నం కోసం బడికి వచ్చిన పిల్ల ఆ ప్రశ్న దగ్గర తల దించుకుంటుంది. ఆ తప్పును పట్టుకునే చెవి ఇంగ్లీషు చెవి కాదు, వాడ చెవి.

మంచి పుస్తకాలు ఎట్లా వచ్చాయో కూడా చరిత్రలో ఉంది. మైఖేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు వాడు ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేశాడు. బెంగాలీ పిల్లలకు ఏ మాటలు ముందు కావాలి, ఒక పేజీలో ఎన్ని కొత్త మాటలుంటే పిల్ల తట్టుకుంటుంది అని లెక్కలు వేసి, బడుల్లో పెట్టి చూసి, 1920ల్లో "న్యూ మెథడ్" రీడర్లు తెచ్చాడు. ఆ పుస్తకాల బలం ఆయన పుట్టుకలో లేదు, పిల్లల ముందు పెట్టి చూడటంలో ఉంది.

రెన్ అండ్ మార్టిన్ సంగతి చూడండి. 1930ల నుంచి ఈ దేశంలో పోటీపరీక్షలు రాసే ప్రతివాడి బల్ల మీద ఉన్న పుస్తకం. రెన్, మార్టిన్ ఇద్దరూ ఇంగ్లీషు వాళ్లే. కానీ ఇవాళ మనం కొనే ప్రతి మీద, ఆ రెండు పేర్ల కింద, చిన్న అక్షరాల్లో ఇంకో పేరు ఉంటుంది. సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు. ఇద్దరు దొరల పుస్తకాన్ని మన మనిషే దిద్ది, నిలబెట్టి, తరతరాలకు పనికొచ్చేట్టు చేశాడు. ఆ పేరు ఎంతమందికి తెలుసు? "నాన్-నేటివ్ సరిచూస్తే తప్పులే" అనేవాళ్లు తమ బల్ల మీది పుస్తకం అట్ట ఒకసారి తిప్పి చూసుకోవాలి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు? 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు మాతృభాష మీద ఎక్కడ లేని ప్రేమ కురిపించిన పెద్దమనుషుల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో మనం అడిగాం, జవాబు రాలేదు. తర్వాత ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకాలు వచ్చాయి. తెలంగాణలో 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టి అట్లాంటి పుస్తకాలే ఇచ్చారు. ఇంగ్లీషు ఇప్పుడు ఒక్క సబ్జెక్టు కాదు. లెక్కల్లో తప్పు వాక్యం ఉంటే లెక్క తప్పుతుంది. సైన్సులో తప్పు మాట ఉంటే సైన్సు తప్పుతుంది. పుస్తకం సరిచూడటం ఇంతకు ముందుకంటే పెద్ద పని అయింది.

అందుకే ఫోటోలు పెట్టి నవ్వేవాళ్లతో నాకు పేచీ. వాళ్లు తప్పు చూపించి "వీళ్లకు ఇంగ్లీషు ఎందుకు" అంటారు. మనం ఆ తప్పే చూపించి "మా పిల్లలకు సరైన పుస్తకం ఎందుకు ఇవ్వరు" అనాలి.

1882లో జోతిరావ్ ఫూలే హంటర్ విద్యా కమిషన్‌కు ఇంగ్లీషులో వినతిపత్రం ఇచ్చాడు. కింది జనానికి ప్రాథమిక విద్య ముందు కావాలన్నాడు. టీచర్లు సాగు చేసుకునే కులాల నుంచి, పిల్లలతో కలిసిపోయేవాళ్లు రావాలన్నాడు. పాఠ్యపుస్తకాలు సవరించి కొత్తగా వేయాలన్నాడు. పుస్తకం బాగోలేదు కాబట్టి చదువు వద్దనలేదు. చదువు కావాలి కాబట్టి పుస్తకం బాగుచేయమన్నాడు. మన దారి అదే.

నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. పుస్తకం అచ్చుకు పోయే ముందు రెండు చెవులు వినాలి: మాతృభాష తెలుగు కాని ఒక ఇంగ్లీషు టీచరు, వాడల పిల్లలకు పాఠం చెప్పే ఒక టీచరు. నాలుగు సర్కారు బడుల్లో, అందులో ఒకటి సంక్షేమ హాస్టల్ బడి, ముందు పిల్లల చేత చదివించి చూడాలి. తప్పులు దొరికితే తప్పొప్పుల పట్టిక వేసి ప్రతి బడికీ పంపాలి, క్లాసులో చదివి పుస్తకంలో దిద్దించాలి. పుస్తకంలో తప్పు వల్ల, గైడులో తప్పు వల్ల ఒప్పు రాసిన పిల్ల మార్కు పోగొట్టుకోకూడదు. తండ్రి వచ్చి అడిగినా, తండ్రి కూలికి పోయి రాలేకపోయినా ఆ మార్కు రావాలి.

మన వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ఊళ్లో చదువుకున్న మన పిల్లలు, డిగ్రీ వాళ్లు, బీఈడీ వాళ్లు ఉన్నారు. ఈ సెలవుల్లో తమ వాడ పిల్లల ఇంగ్లీషు రీడరు తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. తప్పు కనపడితే ఫోటో తీసి నవ్వు బొమ్మ పెట్టకండి. తరగతి, పేజీ నంబరు, వాక్యం, ఒప్పు వాక్యం రాసి విద్యాశాఖకు రిజిస్టర్ పోస్టులో పంపండి. రసీదు దాచండి. ఆ పిల్ల పుస్తకంలో మాత్రం అప్పుడే పెన్నుతో దిద్దేయండి, ఎందుకు తప్పో చెప్పండి. పుస్తకంలో కూడా తప్పు ఉంటుందనీ, దాన్ని తాను దిద్దొచ్చనీ ఆ పిల్లకు తెలిసిన రోజు నుంచి చదువు ఇంకో రకంగా ఉంటుంది.

వచ్చే భాగంలో ఫూలే వినతిపత్రం మొత్తం వివరంగా చూద్దాం.

జై భీమ్.

(ఇంకా ఉంది)